సర్దారు కేక

మా లైను ఇళ్ళలో పిల్లలు ఎన్ని బూతులు నేర్చుకున్నా పెద్దవాళ్ళు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. ఒక్క మాట గట్టిగా అరిస్తే మాత్రం, తమ పిల్లలా పక్కింటి పిల్లలా అని చూడకుండా ఎవరో ఒకరు వచ్చి వీపు విమానం మోత మోగించేవాళ్ళు. ఆ మాట ‘బయటికి’. మామూలు మాటల్లో దానికి అడ్డేమీ లేదు, బయటికి వెళ్ళొస్తానని ఎవరైనా చెప్పచ్చు. అరవకూడదు, అంతే. కుక్కను తరమాలన్నా, ఆటలో ఓడినవాణ్ణి పంపాలన్నా ఇంకో మాట వెతుక్కోవాల్సిందే.

ఎందుకంటే ఆ కేక సర్దారుది. గనిలో బొగ్గు తీసే చోట పైకప్పు బాగోగులు చూసే మనిషిని సర్దారంటారు. చేతిలో ఇనప పొన్ను వేసిన కర్ర ఉంటుంది, దాంతో కప్పును తడుతూ నడుస్తాడు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడితే డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిందంటే సర్దారు ఆ ఒక్క మాట అరుస్తాడు. విన్నవాడు పైకి చూడకూడదు, పనిముట్టు అందుకోకూడదు, ఏమైందని అడగకూడదు. పరుగెత్తాలి. సందేహాలన్నీ ఎండలోకి వచ్చాక తీర్చుకోవచ్చు. అరిచిన సర్దారు మాత్రం అందరూ దాటాకే కదలాలి. అతనెప్పుడూ ఆఖరు.

మా నాన్న సర్దారు. గని మూసేశాక కూడా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు, అమ్మతో సహా. సర్వీసు మొత్తంలో ఆ కేక ఆయన నోట వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. అందులో ఒకటి మా మామయ్యను బతికించింది. మామయ్య అమ్మకు తమ్ముడు, కప్పు కింద దుంగలు నిలబెట్టే పని ఆయనది. కేక వినగానే చేతిలో సుత్తి అక్కడే పడేసి పరుగెత్తాడు. పక్కనే పనిచేసే ఈలపాట, ఎప్పుడూ ఈల వేస్తుంటాడని అందరూ పెట్టిన పేరది, నాలుగడుగులు వేసి కొత్త చొక్కా కోసం వెనక్కి తిరిగాడు. చేతిలో ఆ చొక్కా ఉండగానే అతని శవాన్ని తవ్వి తీశారు. అప్పటినుంచి మామయ్య ఏ పెళ్ళిలో కలిసినా, ఏ చావులో కలిసినా ఒకటే మాట, “బావ నోటి మాట మీద బతుకుతున్నా” అని. నాన్నకు ఆ పొగడ్త నచ్చేది కాదు. “ఊపిరి మీద బతకరా, మాట మీద కాదు” అనేవాడు.

గనులు ఒక్కసారిగా మూతపడలేదు. మొదట ఎక్కడో దూరంగా ఉన్నవి మూశారు, అక్కడివాళ్ళు మా దగ్గరికి వచ్చారు. తరవాత మా చుట్టుపక్కలవి మూశారు. మన బొగ్గు ఖరీదెక్కువ, ఓడల్లో వచ్చేది చవక అన్నారు. కొన్నాళ్ళకు ఓడల్లో వచ్చేది కూడా వద్దు, గాలీ ఎండా చాలన్నారు. రెండు మాటల్లోనూ నిజముంది, అదే వచ్చిన చిక్కు. అబద్ధమైతే ఒంటికాలి మీద లేచి పోట్లాడి ఉండేవాళ్ళం. నాన్న ఛాతీ ఎక్స్‌రే చూసినవాళ్ళెవరూ బొగ్గు మంచిదని వాదించలేరు. ఆఖరికి దేశం మొత్తం మీద మా గనీ, ఇంకేవో ఒకటి రెండూ మిగిలాయి. అవీ మూశారు. మూసిన రోజు ఒక మంత్రి వచ్చి, హెల్మెట్ వెనకది ముందుకు తిప్పి పెట్టుకుని, మీ త్యాగం దేశం మరిచిపోదన్నాడు. ఎవరూ సరిచేయలేదు, హెల్మెట్టునీ మాటనీ కూడా. పంపులు ఆపేశారు. లోపల నీళ్ళు నిండాయి. రాళ్ళూ బూడిదా పోసిన గుట్ట మీద ఎండతో కరెంటు చేసే పలకలు పరిచారు.

తరవాత మ్యూజియం వచ్చింది. అసలు గనిలో చేపలు తిరుగుతున్నాయి కాబట్టి, పాత స్టోర్సు రేకుల షెడ్డులో నేల మీదే గని కట్టారు. సందర్శకులు లిఫ్టు ఎక్కుతారు. గేటు పడుతుంది, కింద నేల గడగడ వణుకుతుంది, పక్కన రాళ్ళ బొమ్మలు వేసిన గుడ్డ పైకి చుట్టుకుంటూ పోతుంది. పాతాళంలోకి దిగిపోతున్నామని అందరూ కడుపు పట్టుకుంటారు. లిఫ్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బొగ్గంతా స్పాంజి. పైకప్పు ఫైబర్ రేకు, నల్లరంగు పూసింది. మొదటిసారి చూసినప్పుడు నాన్న చాలాసేపు తల ఎత్తి నిలబడి, “బాగుంది. మా దాంట్లో ఇంత వెలుతురుండేది కాదు” అన్నాడు.

మ్యూజియం చూసేది ఒక మేనేజరమ్మ. చిన్న వయసు. పాత పనివాళ్ళనే గైడ్లుగా పెట్టుకుంది, నన్ను టికెట్టు కిటికీలో కూర్చోబెట్టింది, నాన్నను ‘సర్’ అని పిలిచేది. ఆవిణ్ణి తిట్టుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను, కారణం దొరకలేదు. గైడ్లకు ఇచ్చిన బట్టలు మాత్రం నవ్వు తెప్పించేవి. ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ మీదట నల్లరంగు మరకలు వేసినవి. ఇన్నేళ్ళూ మరకలు వదిలించలేక చేతులు అరగదీసుకున్న అమ్మ ఆ బట్టలు చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నవ్వుకోవడానికో ఏడవడానికో నాకు తెలియదు.

నాన్న తన సొంత కర్ర పట్టుకుని జనాన్ని లోపల తిప్పేవాడు. బొగ్గు నింపి పట్టాల మీద తోసే టబ్బులు చూపించేవాడు, దీపాలు చూపించేవాడు. కర్ర ఎందుకో చెప్పేవాడు కానీ తట్టి చూపించేవాడు కాదు. ఎవరైనా అడిగితే “రంగు ఊడుతుందండీ” అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఏదో ఆఫీసు వాళ్ళు బస్సులో వచ్చారు. వాళ్ళు లోపల ఉండగా కరెంటు పోయి, ఎమర్జెన్సీ బల్బులు గుడ్డిగా వెలిగాయి. అంత చీకటి నాన్న ఆ షెడ్డులో ఎప్పుడూ చూడలేదు, అసలు గనిలో ఇన్నేళ్ళు చూశాడు. చెయ్యి దానంతటదే లేచింది. కర్ర కప్పుకు తగిలింది. ఫైబర్ రేకు ఎలా పలుకుతుంది, డొల్లగానే పలుకుతుంది.

“బయటికి.”

టికెట్టు కిటికీలో ఉన్న నేను కూడా లేచి నిలబడ్డాను. ఆఫీసు వాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ, చెప్పులు వదిలేసి నా ముందునుంచి పరుగెత్తుకుంటూ పోయారు. ముంగిట్లో కాసేపు రొప్పారు. ఏమీ కూలలేదని తెలిశాక ఒకడు నవ్వాడు. తరవాత అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. అబ్బ, నిజమే అనుకున్నాం అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

నాన్న అందరి తరవాత వచ్చాడు. అలవాటు కొద్దీ తలలు లెక్క చూసుకుని, వాళ్ళు చప్పట్లు కొడుతున్నది తనకేనని తెలిసి తల దించుకున్నాడు. ఆయన్ని అలా చూడలేక నేను కిటికీ మూసేశాను.

“చెయ్యి లేచింది, అది పలికింది. నేనేం చెయ్యను” అన్నాడు తరవాత నాతో, ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టు.

ఉద్యోగం ఊడుతుందనుకున్నాం. మర్నాడు మేనేజరమ్మ పిలిచి కుర్చీ వేసింది.

“సర్, ఇన్నాళ్ళు మీరు చూపించిందంతా ఒక ఎత్తు, నిన్నటిది ఒక ఎత్తు. రోజూ చేయగలరా? లైట్లు నేను తగ్గిస్తాను, పైనుంచి కాస్త దుమ్ము రాలేలా చూస్తాను. మీరు ఆ ఒక్క మాట అంటే చాలు.”

“అది అనే మాట కాదమ్మా.”

“తెలుసు సర్. కానీ జనం రావడం తగ్గిపోయింది. ఇలాగే ఉంటే దీన్ని కూడా మూసేయమంటారు పైవాళ్ళు.”

‘దీన్ని కూడా’ అన్న మాట దగ్గర నాన్న ఆగిపోయాడు. గైడ్లందరూ గనిలో ఆయన ముందు నడిచినవాళ్ళే. పంపు మనిషి, టబ్బులు తోసిన అన్నదమ్ములు, దీపాల గదిలో చేసిన పెద్దాయన, ఎవరికీ ఇంకో పని చేతకాదు, ఇంకో పని లేదు కూడా.

ఆ సాయంత్రం అమ్మకు విషయం చెప్పాడు.

“ఈలపాట పెళ్ళాం ఈ వరసలోనే ఉంటోంది. గుర్తుందా?” అంది అమ్మ.

“ఉంది.”

“అమ్ముకునే మాటేనా అది?”

“నేను అమ్మడం లేదుగా. టికెట్లు అమ్మేది నీ కూతురు.”

అమ్మకు నవ్వు రాలేదు. నాకు వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడని ఆ వేళాకోళంతోనే మా ఇద్దరికీ అర్థమైంది.

షెడ్డు రేకులది, అందులోంచి కేక వీధి దాకా వస్తుంది. అందుకని ఆట మొదలుపెట్టే ముందురోజు నాన్న మా వరసలో ఇంటింటికీ వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ప్రతి గుమ్మంలో చెప్పులు విప్పి, గొంతు తగ్గించి ఒకే ముక్క చెప్పాడు. “రేపట్నుంచి మధ్యాహ్నం పూట నా అరుపు వినబడుతుంది. ఉత్తిదే. లేవకండి, పట్టించుకోకండి.” గనిలో ఉన్నన్నాళ్ళూ కొత్తగా వచ్చినవాణ్ణి నిలబెట్టి, నా అరుపు వింటే దేవుడొచ్చి ఆపినా ఆగకు అని చెప్పిన మనిషి ఆయనే. ఈలపాట భార్య గుమ్మంలోనే నిలబడి అంతా విని, “సరే అన్నయ్యా, మంచినీళ్ళు తాగుతావా” అంది. నాన్న తాగాడు. గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు ఆవిడ ముఖం చూడలేదు.

ఆట బాగా ఆడింది. బస్సులు వరస కట్టాయి. లైట్లు మిణుకుమనేవి, జల్లెడలోంచి దుమ్ము రాలేది, నాన్న కర్ర ఎత్తేవాడు. జనం ఇష్టంగా భయపడేవాళ్ళు. మేనేజరమ్మ ఆయన గొంతును రికార్డు కూడా చేయించింది, ప్రచారానికి పనికొస్తుందని. ఇంటికొచ్చాక నాన్న పెద్దగా మాట్లాడేవాడు కాదు. గొంతు నొప్పి అనేవాడు. అమ్మ వేడినీళ్ళు ఇచ్చేది కానీ నమ్మేది కాదు.

మామయ్య చాలాకాలం అటువైపు రాలేదు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు ఆయనవి, పది గజాలు నడిస్తే ఒకసారి ఆగాలి. ఒకరోజు మనవరాలు ఊరెళ్ళిందనీ ఇంట్లో ఏమీ తోచడం లేదనీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు.

“నీ నాటకం చూసిపోదామని వచ్చా బావా. చప్పట్లు కొట్టాలా, ఈల వెయ్యాలా?”

“నోరు మూసుకుని నిలబడితే చాలు బామ్మర్దీ.”

లిఫ్టులో మామయ్య చేసిన అల్లరి అంతా ఇంతా కాదట. మనం దిగుతున్నామా, గుడ్డ ఎక్కుతోందా అని అందరినీ అడిగాడట. స్పాంజి బొగ్గు పిసికి చూసి, “అక్కకి రెండు పట్టుకెళ్ళు బావా, గిన్నెలు తోముకుంటుంది” అన్నాడట. జనం ఆయన్నే చూస్తూ నవ్వుతున్నారు. నాన్న కూడా నవ్వాడట. ఆ తరవాత లైట్లు తగ్గాయి.

కేక నాకు వినబడింది. మరుక్షణం ద్వారంలోంచి మామయ్య వచ్చాడు. పది గజాలకు ఆగే మనిషి వంగి, తల భుజాల్లోకి లాక్కుని, ఎవరిదో చంటిపిల్లను చంకలో ఇరికించుకుని పరుగెత్తుకొచ్చాడు. నా కిటికీ దాటాడు. ముంగిట్లో ఆగలేదు. గేటు దాటి, రోడ్డు దాటి, అవతల ఎండలో పిల్లను దింపి, దాని పక్కనే కూలబడ్డాడు.

నేను వెళ్ళేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. పిల్ల బిక్కమొహం వేసి, ఊపిరి అందాక ఏడుపు మొదలుపెట్టింది. దాని తల్లి వచ్చి పిల్లను లాక్కుని మామయ్యను నానా మాటలూ అంది. కాస్త తగ్గాక, “ఈయన కూడా షోలో మనిషేనా?” అని నన్నడిగింది. కాదన్నాను. ఆయనకిది షో కాదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కానీ, నా మెడలో వేలాడే మ్యూజియం కార్డు చూసుకుని మింగేశాను. వెనక ముంగిట్లో చప్పట్లు వినబడుతున్నాయి.

నాన్న ఎప్పటిలాగే ఆఖరున వచ్చాడు. తలలు లెక్క చూసుకున్నాడు, తక్కువొచ్చాయి. వెతుక్కుంటూ రోడ్డు దాటి వచ్చాడు.

“నాకు తెలుసు బావా,” అన్నాడు మామయ్య, మాటకూ మాటకూ మధ్య గాలి పీల్చుకుంటూ. “ఉత్తిదేనని తెలుసు. స్పాంజి పిసికి కూడా చూశా.”

“మరి?”

“కాళ్ళకి చెప్పడం మర్చిపోయా.”

నాన్న అతని పక్కనే రోడ్డు మీద కూర్చున్నాడు. ఆంబులెన్సు వచ్చేదాకా వీపు రాస్తూనే ఉన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూసింది అప్పుడొక్కసారే.

మామయ్య కొన్నాళ్ళు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చాడు. ఈలోగా నాన్న మరకల బట్టలు మడతపెట్టి మేనేజరమ్మకు ఇచ్చేశాడు. కర్ర సొంతం కాబట్టి తెచ్చేసుకున్నాడు. ఆవిడ బతిమాలింది, తరవాత నిట్టూర్చింది.

“మీ ఇష్టం సర్. రికార్డింగ్ ఉంది కదా, దాంతో నడిపిస్తాం.”

“అది చెరిపేయకూడదా అమ్మా?”

“చెరిపేస్తే షో ఉండదు. షో లేకపోతే మిగతావాళ్ళు...” అని ఆగి, “సౌండ్ తగ్గిస్తాను” అంది.

మాట నిలబెట్టుకుంది, కొంచెం తగ్గించింది. ఇప్పుడు పంపు మనిషి కర్ర ఎత్తి నోరు తెరుస్తాడు, నాన్న గొంతు గోడలోంచి వస్తుంది. జనానికి తేడా తెలియదు. నేను కిటికీలోనే ఉన్నాను. ఇద్దరం మానేస్తే పొయ్యి వెలగదు. నాన్నకు గుట్ట మీద పలకలు తుడిచే పని దొరికింది. పొడుగాటి కర్రకు గుడ్డ కట్టి పొద్దున్నే వెళ్తాడు, ఎండ ముదిరేలోగా వచ్చేస్తాడు.

మధ్యాహ్నం అరుగు మీద ఆయనా మామయ్యా పేకాడుకుంటారు. కేక సరిగ్గా ఆ వేళకే వస్తుంది. మొదట్లో మామయ్య చేతిలో ముక్కలు జారిపోయేవి, కుర్చీలోంచి సగం లేచేవాడు. లేచి, కూర్చుని, గోడలోని బావను తిట్టి, ఎదుటి బావను తిట్టి, ముక్కలు ఏరుకునేవాడు. నాన్న అతని పాదాలే చూసేవాడు. కొన్నాళ్ళకు మామయ్య లేవడం మానేశాడు కానీ, మడమలు నేలనుంచి లేచేవి. ఆ తరవాత వేళ్ళు మాత్రం బిగుసుకునేవి. నాకు సెలవున్న రోజుల్లో గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసేదాన్ని.

ఎండాకాలం ఆఖర్లో ఒక సెలవు రోజు. మామయ్య మంచి జోరు మీదున్నాడు, వరసగా గెలుస్తున్నాడు. కేక వచ్చింది. ఎప్పటిలాగే గట్టిగా, నాన్న గొంతుతో, అప్పట్లో ఆయన ఎలా అరిచేవాడో అలాగే. మామయ్య తల ఎత్తలేదు. చెప్పుల్లో పాదాలు చదునుగా, కదలకుండా ఉన్నాయి. ముక్కలు సర్దుకుంటూనే ఉన్నాడు. వినబడిందనే ఆయనకు తెలియలేదు.

నాన్న చాలాసేపు ఆ పాదాలు చూశాడు. తరవాత తన ముక్కలు బోర్లించి పెట్టి లేచాడు. అరుగు దిగడం మొదలుపెట్టాడు.

“ఎక్కడికి బావా? ఆట నీది.”

“బయటికి” అన్నాడు నాన్న, మామూలు గొంతుతో.

వీధి మధ్యకు వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. అటువైపు ఇళ్ళు చూశాడు, ఇటువైపు ఇళ్ళు చూశాడు. ఏ గుమ్మంలోనూ ఎవరూ లేచి నిలబడలేదు. ఈలపాట భార్య దండెం మీద బట్టలు తీసుకుంటోంది, ఆవిడ చెయ్యి కూడా ఆగలేదు. నాన్న పెదవులు కదిలాయి, ఒక్కొక్క ఇంటి దగ్గరా తల కొంచెం ఆడింది. తలలు లెక్క చూసుకుంటున్నాడు. ఆ కేక లోపల ఇక ఎవరూ మిగల్లేదు, ఎప్పటిలాగే సర్దారు ఆఖరు.

“ముక్క వేసి పోరాదూ” అని మామయ్య అరుగు మీదనుంచి విసుక్కున్నాడు. నాన్న తిరిగి వచ్చి కూర్చుని ముక్క వేశాడు.